మూడు పూతల నీలిరంగు

హల్ బర్దీనా, మాల్టా
9 మే 1994

ప్రియమైన విస్టిన్ అన్నయ్యకి,

నీ కాలికి కట్టు ఇంకా విప్పలేదని వదిన రాసింది. దాదాపు అరవై ఏళ్ల మనిషివి, ఏరియల్ కోసం మేడెక్కి గోడ మీద నిలబడడం ఏమిటి? రోజూ నీ పేరు చెప్పి ఒక జపం కలుపుతున్నాను. ఫోన్ చెయ్యలేదని అనుకోకు. పోయినసారి పది నిమిషాలూ నేను అరుస్తూనే ఉన్నాను, నువ్వు హలో హలో అంటూనే ఉన్నావు. ముప్పై ఏళ్లు ఓడల్లో వైర్‌లెస్ విని చెవులు అరగదీసుకున్నవాడికి ఉత్తరమే నయం. సిసిలీ పడవలో టిక్కెట్లు చూసే అతని చేతికిస్తే రెండు రోజుల్లో నీకు చేరుస్తానన్నాడు.

ఈస్టరు తర్వాత మన పునీత అన్నమ్మ క్లబ్బు రేడియో మొదలైంది. బ్యాండు వాళ్ళు బాకాలు దాచే మేడగదిలో పెట్టారు. రోజూ సాయంత్రం ఆరున్నరకి జపమాల, అయిదు రహస్యాలూ, ఒక్కోదానికి పది జపాలూ, చెప్పే పని నాకిచ్చారు. గుళ్లో నా గొంతు రెండో వరుస దాటదని నీకు తెలుసు. ఇప్పుడు ఊరు ఊరంతా వింటోంది, మంచం మీద నుంచి లేవలేనివాళ్ళు కూడా. పైకి చెప్పుకోకూడదు గానీ, తెల్లవారితే ఆ అరగంట కోసమే ఎదురు చూస్తున్నాను.

నువ్వు చేసి పంపిన ఫిల్టరు పెట్టె అందింది. కమిటీ అంతా చూశారు. అధ్యక్షుడు నజ్యూ గారు మరీ ఎక్కువసేపు చూశారు. తర్వాత ట్రాన్స్‌మిటరుకి బిగించారు.

ఒక సంగతి అడగాలి. మా ఎదురింటి జక్బీనా గుర్తుందా? మనతో పోటీపడే పునీత రోకు క్లబ్బు మనిషి. పదకొండేళ్ల క్రితం వాళ్ళ ఊరేగింపులో ఎర్రజెండా మా కిటికీ మేకుకి తగులుకుని చిరిగింది. ఆ రోజు నుంచి నాతో మాట్లాడదు. ఏదైనా చెప్పాలంటే కిటికీలోంచి వీధితో చెబుతుంది. శుక్రవారం అలాగే వీధితో చెప్పింది.

"ఏం వీధమ్మా ఇది! ఇటలీ సీరియల్‌లో ఆ పిల్ల మొగుణ్ణి చెంపమీద కొట్టి, నోరు తెరిచి, ఎదురింటావిడ గొంతుతో దేవమాత జపం చెబుతోంది! నా టీవీలో! నా ఇంట్లో! మర్యాదేనా?"

నాకు నమ్మకం కలగలేదు. కానీ మా వీధిలో అయిదారు ఇళ్లవాళ్ళు అదే మాట అన్నారు. సరిగ్గా ఆరున్నర నుంచి ఏడు దాకా బొమ్మ వాళ్ళది, గొంతు నాది. కొందరు ఇది అన్నమ్మ తల్లి మహత్యం అంటున్నారు. నాకు భయంగా ఉంది. ఇలా జరుగుతుందా అన్నయ్యా?

నీ చెల్లెలు
పవ్లీనా

*

పొజ్జాల్లో, సిసిలీ
16 మే

పవ్లీనా,

నీ ఉత్తరం పైకి చదివాను. మీ వదిన కొన్చెట్టా నవ్వి నవ్వి చేతిలో ఉల్లిపాయ ఒకటి, కత్తి ఒకటి పారేసింది. ఆ సీరియల్ తనూ చూస్తుంది. ఆ పిల్ల ఇన్నాళ్లకి ఒక మంచి మాట మాట్లాడిందని సంతోషిస్తోంది.

మహత్యం కాదు, లెక్క. మీ స్టేషను నంబరు నూట మూడు పాయింటు నాలుగు. రెట్టింపు చెయ్యి. రెండువందల ఆరు పాయింటు ఎనిమిది. ఆ ఇటలీ ఛానెల్ శబ్దం వచ్చేది అక్కడే.

ఏ ట్రాన్స్‌మిటరూ ఒక్క స్వరమే పాడదు. అసలుది గట్టిగా పాడుతూ, దానికి రెట్టింపుదీ మూడింతలదీ లోపల గొణుగుతుంది. మా ఓడలో ఒక వంటవాడు ఉండేవాడు. కెప్టెన్ ఏం చెప్పినా "అలాగేనండీ" అని గట్టిగా అనేవాడు, ఆ వెంటనే గొంతు తగ్గించి ఇంకో రెండు మాటలు అనుకునేవాడు. ఆ రెండు మాటలూ కెప్టెన్ దాకా పోకుండా చూడడమే నా పెట్టె పని. అసలు స్వరాన్ని ఏరియల్‌కి వదిలి, గొణుగుడుని తన ఒంటి రేకు మీదుగా ఎర్తులోకి పంపేస్తుంది. సిసిలీ నుంచి సముద్రం దాటి వచ్చేసరికి ఇటలీ సిగ్నలుకి ఊపిరి ఉండదు. మీ గొణుగుడు పక్క మేడ మీద నుంచే కదా, అందుకని జక్బీనా టీవీలో మీదే గెలుస్తోంది.

కానీ నా పెట్టె ఉండగా ఇలా జరగకూడదు. అది నేను మూడు వారాలు కూర్చుని చేసింది. చెవులు పోయాయి గానీ చేతులు పోలేదు. కాబట్టి నిజం చెప్పు. పెట్టె బిగించారా, లేక బీరువా మీద పెట్టి పూలకుండీ ఎక్కించారా? ఎవరైనా విప్పారా? ఎందుకు?

విస్టిన్

*

హల్ బర్దీనా
2 జూన్

ప్రియమైన అన్నయ్యకి,

నీ లెక్క చదివాక మనసు కుదుటపడింది. మర్నాడే మళ్ళీ చెదిరింది. జక్బీనా ప్రభుత్వ వైర్‌లెస్ ఆఫీసుకి ఫిర్యాదు రాసింది. ఇన్‌స్పెక్టరు గ్రిష్టి అని ఒకాయన వ్యాను మీద పెద్ద ఏరియల్ పెట్టుకుని వచ్చాడు. సన్నగా, బల్లిలా ఉన్నాడు గానీ మంచి మర్యాదస్థుడు. ఆరున్నరకి జక్బీనా ముందుగదిలో మీటరు పెట్టుకుని కూర్చున్నాడు. ఆ రోజు నజ్యూ గారు నా జపమాల ముందే టేపు మీద ఎక్కించి వేశారు, అందుకని నేను మా కిటికీలోంచి అంతా చూశాను. మా వీధి ఎంత వెడల్పో తెలుసుగా, చెయ్యి చాపితే వాళ్ళ పూలకుండీ అందుతుంది.

"అమ్మా, కొలత అయిపోయింది. టీవీ ఆపెయ్యొచ్చు" అన్నాడు గ్రిష్టి.

"ఉండవయ్యా, తొందరేం? నాలుగో రహస్యం సగంలో ఉంది" అంది జక్బీనా.

"మీరే కదమ్మా ఆపించమని రాశారు?"

"రాశాను. ఆపించు. మధ్యలో ఆపించమని రాయలేదు."

ఆవిడ ఎడమచెయ్యి ఏప్రను జేబులో ఉంది అన్నయ్యా. జేబు మెల్లగా కదులుతోంది. పూసలు తిప్పే చెయ్యి నాకు తెలియదా?

తర్వాత గ్రిష్టి క్లబ్బుకి వచ్చి అందరి ముందూ చెప్పాడు. అనుమతి లేని చోట మీ సిగ్నలు వస్తోంది, ఫిల్టరు పెట్టెని ఎవరో విప్పినట్టున్నారు, జులై పదకొండున మళ్ళీ వస్తాను, అప్పటికీ ఇలాగే ఉంటే ట్రాన్స్‌మిటరుకి సీలు వేస్తాను అని. మన పండుగ ఇరవై నాలుగున. రేడియో లేకపోతే మంచం మీద ఉన్నవాళ్ళకి ఊరేగింపు ఎలా వినిపిస్తుంది? పునీత రోకు ఎర్రవాళ్ళేమో వాళ్ళ రేడియోలో అప్పుడే మా మీద పాటలు కట్టడం మొదలుపెట్టారు.

నజ్యూ గారి మొహం కందగడ్డ అయింది. "ఆ పెట్టె మీద చెయ్యి వేసింది ఎవరో తేలనివ్వండి! నా ఊపిరి ఉండగా వాళ్ళని మైకు దరిదాపులకి రానివ్వను" అని బల్ల గుద్దారు. నేను కాఫీ కప్పులు తీసి లోపలికి వెళ్లాను.

నువ్వు అడిగిన దానికి జవాబు. పెట్టె బిగించే ఉంది. మధ్యలో ఒకసారి విప్పి, శుభ్రం చేసి, మళ్ళీ జాగ్రత్తగా బిగించారని విన్నాను.

నీ చెల్లెలు
పవ్లీనా

*

పొజ్జాల్లో
9 జూన్

పవ్లీనా,

"విన్నాను" అంటున్నావు. ఎవరి దగ్గర విన్నావు? మన అమ్మ కడుపున పుట్టిన పిల్ల అబద్ధం చెప్పలేదు. చెప్పలేనప్పుడు మాత్రం వాక్యంలోంచి మనిషిని తీసేస్తుంది. చిన్నప్పుడు కూడా "సీసా పగిలింది" అనేదానివి, "పగలగొట్టాను" అని ఒక్కసారైనా అన్నావా?

శుభ్రం చెయ్యడానికి అందులో ఏముంది? అది సారా సీసానా? నా పెట్టెని అనుమానించడం నా వల్ల కావడం లేదు. కట్టు విప్పలేదు గానీ లేకపోతే రేపటి పడవకే వచ్చి నజ్యూ ముక్కు కింద పెట్టి పరీక్ష చేసి చూపించేవాణ్ణి. వాడికి నా మీద కోపం ఉంటే ఉండనీ. పదిహేడేళ్లప్పుడు క్లారినెట్ తప్పు వాయించానని నన్ను బ్యాండులోంచి గెంటింది వాళ్ళ నాన్నే.

ఒకే ఒక ప్రశ్న. నేను పంపినప్పుడు పెట్టె ఎర్రరంగులో ఉంది. ఇప్పుడు ఏ రంగులో ఉంది?

విస్టిన్

*

హల్ బర్దీనా
20 జూన్

అన్నయ్యా,

నీ ఉత్తరం వారం పైగా ప్రార్థన పుస్తకంలో పెట్టుకు తిరిగాను. నిన్న పాపసంకీర్తనం చేసి గురువు గారికి అంతా చెప్పాను. తెర వెనక నవ్వు ఆపుకుంటున్నారని నాకు అనుమానం. తర్వాత, "ఇది నాకు చెప్పడం తేలిక. మీ అన్నయ్యకి చెప్పమ్మా" అన్నారు.

పెట్టె నీలంగా ఉంది. రంగు వేసింది నేను.

నీ పార్సిలు విప్పగానే గదిలో అందరూ ఒకడుగు వెనక్కి వేశారు. పునీత అన్నమ్మ క్లబ్బులో, అమ్మవారి నీలి తెరల మధ్య, ఎర్రగా, పునీత రోకు వాళ్ళ జెండా ముక్కలాగా ఉంది. "దీన్ని ఎవరు పంపారు? ఎర్రవాళ్ళు పంపారా?" అన్నారు నజ్యూ గారు. నీ పేరు చెప్పాను. "అయితే వాళ్ళే పంపినట్టు" అన్నారు. సముద్రంలో పడేస్తామన్నారు. నువ్వు మూడు వారాలు కూర్చుని చేసింది కదా, నాకు ఏడుపొచ్చింది. ఇంటికి పట్టుకెళ్తాను, మీకు నచ్చేలా చేయించి తెస్తాను అన్నాను. ఎవరి చేత చేయిస్తానో వాళ్ళు అడగలేదు. రంగు ఎవరు వేశారో, ఏం విప్పారో కూడా తర్వాత ఎవరూ అడగలేదు. నీలంగా వచ్చింది, అదే చాలు వాళ్ళకి.

విగ్రహం పీఠానికి ఏటా రంగు వేసేది నేనే కదా. ఆ డబ్బాలోదే వేశాను. ఎక్కడా ఎరుపు తొంగిచూడకూడదని సాకెట్లు రెండూ విప్పాను. కాళ్ళు నాలుగూ విప్పాను. వాటి కింద కూడా వేశాను. ఒక పూత వేస్తే లోపలి నుంచి గులాబీ రంగు కనిపించింది. రెండు వేశాను. మూడు వేశాను. ఎండాక అన్నీ మళ్ళీ బిగించాను. నీ స్క్రూ ఒక్కటి కూడా పోగొట్టలేదు. ఎంత అందంగా వచ్చిందో తెలుసా!

దానివల్లే ఇదంతా జరిగిందా? చెప్పడం తప్పదు అంటే నజ్యూ గారికి చెబుతాను. చెప్పాక మైకు ఉండదు. నాకు ఉన్నది ఆ అరగంటే. కానీ ముందు నువ్వు చెప్పు.

పవ్లీనా

*

పొజ్జాల్లో
26 జూన్

చెల్లీ,

దానివల్లే.

గొణుగుడు పెట్టె ఒంటి మీదుగా ఎర్తులోకి పోవాలని చెప్పాను కదా. ఆ దారి సాకెట్ల కింద, కాళ్ళ కింద. అక్కడ రేకుకి రేకు తగలాలి. నువ్వు ఆ మధ్యలో మూడు పూతల ఆయిల్ పెయింట్ వేశావు. అది గోడ కట్టినట్టు. వేరే ఎవరైనా అయితే పైపైన పులిమి వదిలేసేవాళ్ళు, పెట్టె హాయిగా పని చేసేది. నీ శ్రద్ధ కొంప ముంచింది.

బాగుచెయ్యడం సులువు. ముందు స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకు. ఇది రెండుసార్లు చదువు. ప్లగ్గు పీకకుండా చెయ్యి పెడితే అన్నమ్మ తల్లి నిన్ను తన దగ్గరికే పిలిపించుకుంటుంది. తర్వాత సాకెట్లు, కాళ్ళు విప్పి, ఆరు చోట్లా కత్తి అంచుతో రంగు గీకెయ్యి. తెల్లటి రేకు మెరవాలి. ఆ పైన గట్టిగా బిగించు. మళ్ళీ రంగు వెయ్యకు. చుక్క కూడా వద్దు. మిగతా అంతా నీలంగా ఉండనీ.

ఇప్పుడు నా వంతు. ఆ ఎర్రరంగు... మా ఓడ సామాన్లలో మిగిలిందని పెట్టెతో పంపిన చీటీలో నీకు రాశాను. అబద్ధం. ఇంట్లో బూడిదరంగు ఉంది, ఆకుపచ్చ ఉంది. నేను కొట్టుకి వెళ్లి ఎరుపు కొన్నాను. నజ్యూ మొహం ఊహించుకుంటూ వేశాను. నలభై రెండేళ్లు అయింది, క్లారినెట్ సంగతి మరిచిపోయాననే అనుకున్నాను. నీ మెడకి చుట్టుకుంటుందని అనుకోలేదు. కొన్చెట్టాకి ఈ సంగతి చెబితే నాకు మూడు రోజులు ఉప్పులేని సూపు పోసింది.

నజ్యూకి ఏమీ చెప్పకు. గుట్టుగా గీకెయ్యి, గుట్టుగా బిగించెయ్యి. ఆ గది ఊడ్చేది నువ్వే, తాళం నీ దగ్గరే కదా. ఎవరికీ తెలియదు. నీ అరగంట నీకు ఉంటుంది.

నీ వెధవ అన్నయ్య
విస్టిన్

*

హల్ బర్దీనా
13 జులై

ప్రియమైన అన్నయ్యకి,

నిన్ను ఎప్పుడో క్షమించాను. వదినకి చెప్పు, ఉప్పు వెయ్యమని.

నువ్వు చెప్పినట్టే చేశాను. ఉదయం పూజ అవగానే గది తాళం తీసి, ప్లగ్గు పీకి, మళ్ళీ వెళ్లి పీకానా అని చూసి, చేపలు తోమే కత్తితో గీకాను. నీలం వచ్చింది, ఇంకో నీలం వచ్చింది, ఇంకో నీలం వచ్చింది. నా పనే అయినా, మెచ్చుకోకుండా ఉండలేకపోయాను. రేకు మెరిసింది. సాకెట్ల చుట్టూ అంచున మాత్రం నీ ఎరుపు సన్నటి ఉంగరంలా బయటపడింది. అలాగే వదిలేశాను.

పదకొండున గ్రిష్టి వచ్చాడు. జక్బీనా ఇంట్లోనే కూర్చున్నాడు. ఆరున్నరకి నేను మైకు ముందు మొదలుపెట్టాను. తర్వాత వీధివాళ్ళు చెప్పారు, సీరియల్‌లో ఆ పిల్ల తన గొంతుతోనే మాట్లాడిందట. జక్బీనా నిర్ఘాంతపోయి, "ఇదా దీని గొంతు! ఇదేమిటి తుప్పు పట్టిన తలుపులా ఉంది?" అందట. మీటరు ముల్లు కదలలేదు. గ్రిష్టి అనుమతి పత్రం మీద సంతకం చేసి ఇచ్చాడు. పండుగకి కాల్చాల్సిన బాణసంచా మన వాళ్ళు అప్పుడే కాల్చేశారు.

ఇక్కడితో ఆగితే బాగుండేది. నిన్న కమిటీ కూర్చుంది. పండుగ పుస్తకం అచ్చుకి వెళ్లాలి. నజ్యూ గారు నిలబడి చదివారు. "ఏ మానవ హస్తమూ సోకకుండా, పునీత అన్నమ్మ కృప చేత, మన ట్రాన్స్‌మిటరు తనంతట తానే స్వస్థత పొందిన మహత్యం..." అందరూ ఆమెన్ అన్నారు.

నేను నోరు మూసుకుని ఉండొచ్చు. నువ్వూ అదే చెప్పావు. కానీ అన్నయ్యా, అన్నమ్మ తల్లి పేరు మీద లేని మహత్యం అచ్చువేస్తే రేపు ఏ మొహంతో ఆమె పీఠానికి రంగు వెయ్యను? లేచి నిలబడ్డాను.

"మానవ హస్తం సోకిందండీ. నాదే. పెట్టెకి రంగు వేసింది నేను. అందువల్లే చెడింది."

"నువ్వా?" అన్నారు నజ్యూ గారు. "ఎన్ని పూతలు?"

"మూడు."

"కనపడని చోట కూడానా?"

"సాకెట్ల కింద, కాళ్ళ కింద కూడా."

నన్ను గెంటేస్తారని తల వంచుకున్నాను. చప్పట్లు వినిపించాయి! "కనపడని చోట కూడా నీలం! ఇదీ భక్తి అంటే! మీ అన్న పుట్టిన కడుపునే పుట్టావంటే ఎవరైనా నమ్ముతారా?" అని నజ్యూ గారు కళ్ళు తుడుచుకున్నారు. నా పేరు పండుగ పుస్తకంలో వేస్తామన్నారు. ఒకాయన నాకు కుర్చీ తెచ్చారు.

"మరి బాగుపడింది ఎలా?" అన్నారు కుర్చీ తెచ్చినాయన.

"గీకేశాను."

చప్పట్లు ఆగిపోయాయి.

"ఏం గీకావు?"

"నీలం. ఆరు చోట్ల. ఒక్కోటి కాఫీ సాసర్లో సగం ఉంటుంది."

"దాని కింద ఏం కనిపిస్తోంది?"

"రేకండీ." నేను అక్కడే ఆపుదామనుకున్నాను. "అంచున కొంచెం ఎరుపు."

అందరూ మేడ మీదికి పరుగెత్తారు. కిందికి దిగి వచ్చేసరికి ఎవరూ నా వైపు చూడడం లేదు. మళ్ళీ నీలం వెయ్యమన్నారు. వేస్తే గ్రిష్టి సీలు వేస్తాడని చెప్పాను. పైన నీలి గుడ్డ కప్పుదామని తీర్మానించారు. నా సంగతి కూడా తీర్మానించారు. క్లబ్బు రంగుని కత్తితో గీకినందుకు పండుగ అయ్యేదాకా మైకు దగ్గరికి రాకూడదు. ఆ తర్వాత సంగతి ఆ తర్వాత.

ఈ రోజు ఆరున్నరకి జపమాల నజ్యూ గారు చెప్పారు. నేను ఇంట్లో రేడియో పెట్టలేదు. పూసలు చేతిలో పట్టుకుని వంటింట్లో ఊరికే కూర్చున్నాను.

పవ్లీనా

*

పొజ్జాల్లో
17 జులై

చెల్లీ,

చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని, కాలు బల్ల మీద పెట్టుకుని, మీ స్టేషను పట్టుకున్నాను. గాలి బాగుంటే సముద్రం మీదుగా ఇక్కడికి చక్కగా వస్తుంది. మే నెల నుంచి రోజూ నీ జపమాల వింటూనే ఉన్నాను. నీకు చెప్పలేదు, చెబితే ఇంకా నెమ్మదిగా మాట్లాడతావని.

నజ్యూ రైలు స్టేషనులో ప్రకటన చేసినట్టు చదువుతున్నాడు. నిన్న మూడో రహస్యానికి పదమూడు జపాలు చెప్పాడు. నాలుగో దానికి ఏడు. నేను ఒక్కోటి చెబుతుంటే కొన్చెట్టా వేళ్ళ మీద లెక్కపెట్టింది. అయిదోది మధ్యలో ఆపి, బ్యాండువాళ్ళు తెల్లచొక్కాలు ఇస్త్రీ చేసుకు రమ్మని చెప్పాడు.

నా ఎరుపు వల్లే నీకు ఇదంతా. నజ్యూకి ఉత్తరం రాశాను, తప్పు నాదని. క్లారినెట్ కూడా నేనే తప్పు వాయించానని రాశాను. అది రాయడానికి ఒక మధ్యాహ్నం పట్టింది.

ఏమైనా జరిగితే వెంటనే రాయి. ఏమీ జరగకపోయినా రాయి.

విస్టిన్

*

హల్ బర్దీనా
25 జులై

ప్రియమైన అన్నయ్యకి,

చాలా జరిగింది. పండుగ నిన్నే అయింది, వీధిలో ఇంకా కాగితం ముక్కలు ఎగురుతున్నాయి. వరసగా చెబుతాను.

నీకు ఉత్తరం రాసిన మర్నాడు, సరిగ్గా ఆరున్నరకి తలుపు చప్పుడైంది. తీస్తే జక్బీనా. ఒక చేతిలో తన కుర్చీ, ఒక చేతిలో పూసలు. పదకొండేళ్లకి మొదటిసారి, వీధితో కాకుండా నాతో మాట్లాడింది.

"నా టీవీ చెడగొట్టింది నువ్వేనట?"

"బాగుచేశాను జక్బీనా."

"నువ్వు ఏమన్నా అను. పదిహేనేళ్లుగా జపమాల చెప్పుకోని దాన్ని. మా ఆయన పోయాక నోరు రాలేదు. నీది టీవీలోంచి వచ్చి పడేది. నేను పెట్టుకున్నానా? అదే వచ్చేది, నేనేం చెయ్యను? ఇప్పుడు ఆ పిల్ల తుప్పు గొంతుతో ఏడుస్తోంది. నీ వల్ల పోయింది, నువ్వే చెప్పు."

"నా గొంతు రేడియోలో లేదుగా ఇప్పుడు. ఉన్నా, నూట మూడు పాయింటు నాలుగు పెట్టుకుంటే..."

"ఆ నీలపు నంబరు మీదికి నా రేడియో ముల్లు తిప్పమంటావా! నా ఇంట్లో?" అని కుర్చీ వేసుకుని కూర్చుంది. "మొదలుపెట్టు. ఆలస్యమైంది."

ఆ రోజు నుంచి రోజూ వచ్చింది. నాకంటే పెద్ద గొంతు, నాకంటే ఒక మాట ముందు ఉంటుంది. నాలుగు రోజుల్లో మా వంటింట్లో తొమ్మిది మంది అయ్యారు. నజ్యూ గారి లెక్క భరించలేకనే వచ్చామని కొందరు ఒప్పుకున్నారు. క్లబ్బుకి ఫోన్లు చేస్తున్నారట, "ఎనిమిదే చెప్పారు, ఇంకా రెండు బాకీ" అని.

ఇరవయ్యో తేదీన నజ్యూ గారే వచ్చారు, చేతిలో నీ ఉత్తరం పట్టుకుని. మేము నాలుగో రహస్యంలో ఉన్నాం. జక్బీనా వేలు పైకెత్తి ఆగమంది. ఆయన గుమ్మంలో టోపీ తీసి నిలబడ్డారు. రెండు జపాలు ఊరుకున్నారు, మూడో దానికి ఆయన కూడా కలిశారు. అంతా అయ్యాక అన్నారు, "పవ్లీనా, తిరిగి రా. ముసలివాళ్ళు నన్ను బతకనివ్వడం లేదు. మీ అన్న కూడా క్లారినెట్ ఒప్పుకున్నాడు. మా నాన్న ఉంటే ఈ ఉత్తరం ఫ్రేము కట్టించేవారు."

అన్నయ్యా, ఆ అరగంట కోసం నేను ఎంత ఏడ్చానో నీకు తెలుసు. కానీ జక్బీనా కుర్చీ వైపు చూశాను. నేను క్లబ్బు మేడ ఎక్కితే ఆవిడ ఎక్కదు. రేడియో పెట్టదు. మళ్ళీ నోరు మూతపడుతుంది.

"నేను రానండీ. మైకే ఇక్కడికి రావాలి" అన్నాను. ఇంత గట్టిగా నేను మాట్లాడడం నేనే ఎప్పుడూ వినలేదు.

నజ్యూ గారు జక్బీనాని చూశారు. "ఎర్రవాళ్ళ మనిషి మా రేడియోలోనా?"

"నేను మీ రేడియోలో ఎక్కడున్నాను?" అంది జక్బీనా. "ఎదురింటి వంటింట్లో ఉన్నాను. మీ తీగ తెచ్చి ఎక్కడ పెట్టుకుంటారో, అది ఎక్కడెక్కడికి పోతుందో నాకేం తెలుసు?"

క్లబ్బు మేడ నుంచి మా వంటింటికి నాలుగు ఇళ్ల దూరం. ఇరవై ఒకటిన తీగ లాగారు. నీలి తీగ. మైకు ఉల్లిపాయల బుట్టకి ఆనించి పెట్టుకున్నాం. ఆ సాయంత్రమే ఊరంతా విన్నది, నా వెనక, ఒక మాట ముందు, జక్బీనాని. ఎవరూ పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేదు. పునీత రోకు క్లబ్బువాళ్ళు నిజమా కాదా అని చూడడానికి మొట్టమొదటిసారి మన నంబరు మీదికి ముల్లు తిప్పారట.

మర్నాడే ఫిర్యాదు వెళ్లింది. ఈసారి రాసింది ఎర్ర క్లబ్బు కమిటీ. తమ సభ్యురాలి గొంతు అనుమతి లేకుండా పరాయి రేడియోలో వస్తోంది, వెంటనే ఆపించాలి అని. శనివారం, పండుగ ముందు సాయంత్రం, గ్రిష్టి మళ్ళీ వ్యాను వేసుకుని వచ్చాడు పాపం. మీటరు తెచ్చి మా వంటింటి బల్ల మీద పెట్టాడు. మేము చెబుతూనే ఉన్నాం. నూట మూడు పాయింటు నాలుగు చూశాడు. రెట్టింపు చూశాడు. మూడింతలు చూశాడు. కాగితం తీసి ఉల్లిపాయల పక్కన పెట్టుకుని రాశాడు: అవాంఛిత సంకేతాలు, లేవు.

జక్బీనా జపం ఆపకుండానే మెడ సాచి ఆ కాగితం చదివింది. రహస్యం పూర్తయ్యాక, కొత్తది మొదలయ్యే ముందు, మైకు వింటోందని కూడా చూడకుండా అంది:

"లేవని రాశావా? మంచిపని చేశావు. ఇంకా ఒకటుంది, తలుపు వేసి మోకాళ్ళ మీద కూర్చో."

గ్రిష్టి కూర్చున్నాడు. అది కూడా ఊరంతా విన్నది.

నీ చెల్లెలు
పవ్లీనా